చర్మం నేర్చిన పాఠం

కళ్లకు గంతలు కట్టుకున్న ఓబులేసు వెదురు కంచె పక్కన నిలబడి కుడిచెయ్యి మెల్లగా గాల్లోకి చాపాడు. కంచెకు అవతల, చెయ్యి అందని దూరంలో, మూడు కరెంటు తీగలు వరసగా కట్టి ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనే కరెంటు ఉంది. అది ఏదో లోపలి గదిలో మీటల దగ్గర కూర్చున్న మందాకినికి తప్ప ఎవరికీ తెలియదు.

"మధ్యది," అన్నాడు ఓబులేసు.

మందాకిని మీట మార్చింది.

"ఇప్పుడు ఈ చివరిది. కాదు కాదు, ఉండండి. మూడిట్లోనూ ల్యాదు మేడం. అన్నీ ఆపినారు."

గది కిటికీలోంచి చూస్తున్న ఖాదర్‌వలీ గెడ్డం నిమురుకున్నాడు. ఆ శిక్షణ కేంద్రానికి ఆయనే ప్రిన్సిపాల్. అనంతపురం నుంచి తాడిపత్రి వెళ్లే దారికి కాస్త పక్కగా, బండరాళ్ల గుట్ట కింద ఉంటుంది ఆ కేంద్రం. కరెంటు కంపెనీలో కొత్తగా చేరిన లైన్‌మన్లకు అక్కడే పని నేర్పుతారు. ఖాదర్‌వలీ ఉద్యోగమంతా అక్కడే గడిచింది. తన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎవరో ఒకరు ఏటా స్తంభం మీదే పోవడం, ఆ ఇంటికి తాను వెళ్లి గుమ్మం దగ్గర నిలబడటం ఆయనకు అలవాటు కాలేదు.

మొదటిసారి కలిసినప్పుడే ఆయన మందాకినితో ఆ మాట అన్నాడు. "రూలు తెలీక పోలేదు మేడం ఒక్కడూ. అందరూ నా దగ్గర పరీక్ష పాసైనోళ్లే. తెర మీద బొమ్మలు చూపిస్తాం, ప్రశ్నలు అడుగుతాం, గడగడా చెప్తారు. తెలిసిందంతా తలకాయలో ఉంటాది. పొరపాటున చెయ్యి పైకి లేస్తాంటే ఆపల్లంటే మాత్రం, చేతికే తెలిసుండల్ల."

మందాకిని విశాఖపట్నంలో కృత్రిమ చేతుల మీద పనిచేసిన శాస్త్రవేత్త. చెయ్యి కోల్పోయినవాళ్లకు ప్లాస్టిక్ వేళ్లతో వేడీ చల్లనా తెలిసేలా చేయడం ఆమె విద్య. ఖాదర్‌వలీ మాట ఆమెకు చాలా రోజులు చెవిలోనే ఉండిపోయింది. చేతికే తెలియాలి. చివరికి ఆమె ఒక తొడుగు తయారు చేసింది. మోచేతి నుంచి వేళ్ల దాకా వేసుకునే పల్చటి తొడుగు. కరెంటున్న తీగ దగ్గరికి వెళ్లేకొద్దీ అందులోని సన్నటి ముళ్లు చర్మాన్ని చీమలు పాకినట్టు తాకుతాయి. అదే సమయంలో చెవిలో పెట్టిన చిన్న గుండీ తుమ్మెదలా రొద చేస్తుంది. కాలరుకు గుచ్చిన డబ్బీ లోంచి వాము వాసన వస్తుంది. కన్ను తప్ప మిగతా దారులన్నిటి నుంచీ ఒకే పాఠం, ఒకే క్షణంలో.

మొదటి వారం అందరూ తడబడ్డారు. మూడో వారానికి తప్పు చెప్పినవాడు లేడు. ఆ బ్యాచిలో అందరికంటే ముందున్నవాడు ఓబులేసు. ముప్పై ఏళ్లవాడు, మాట తక్కువ, కొంచెం బిడియం. కరెంటు కంపెనీలో ఉద్యోగం వచ్చేదాకా తండ్రితో కలిసి బోర్లు వేసే లారీ మీద తిరిగినవాడు.

ఆ రోజు అతను ఒక్కటి కూడా తప్పలేదు. అందరూ భోజనాలకు వెళ్లాక మందాకిని అతని తొడుగు తీసి చార్జింగుకు పెట్టబోయింది. బ్యాటరీ తీగ ఊడిపోయి వేలాడుతోంది. ముళ్లు కదలడం లేదు. గుండీలోనూ ప్రాణం లేదు, డబ్బీ మూతా తెరుచుకోలేదు. తొడుగు లోపల నమోదైన సమయం చూసింది. పొద్దున పని మొదలు కాకముందే అది ఆగిపోయింది.

గంతల కింద నుంచి చూసి ఉంటాడనుకుంది. కానీ కరెంటు ఉన్న తీగకూ లేని తీగకూ చూడటానికి తేడా ఏముంటుంది?

ఆమె బయటికి వచ్చి చెయ్యి కడుక్కుంటున్న ఓబులేసును పిలిచింది. "అన్నం తర్వాత తిందువుగాని. ఇంకొక్కసారి నిలబడతావా? తొడుగు వద్దు."

అతను వట్టి చెయ్యి చాపాడు. ఆమె మీటలు ఇష్టమొచ్చినట్టు మార్చింది. ఒకసారి రెండు తీగలకు ఇచ్చింది, ఒకసారి అన్నీ ఆపింది, ఒకసారి సగం వోల్టేజీ మాత్రమే ఇచ్చింది. అతను అన్నీ సరిగ్గా చెప్పాడు. సగం ఇచ్చినప్పుడు, "ఇది నీరసంగా ఉండాది," అన్నాడు.

మందాకిని గదిలోంచి నడిచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "ఎట్లా తెలుస్తోంది?"

"చీమలు పాకుతాండాయి గదా మేడం. రొద వినపడతాంది. వాము వాసన."

"నీ చెవిలో ఏమీ లేదు ఓబులేసూ."

అతను చెవి తడుముకున్నాడు. తర్వాత కాలరు తడుముకున్నాడు. అతని మొహాన్ని నెమ్మదిగా భయం కమ్మింది.

సాయంత్రం ఆమె ఖాదర్‌వలీకి చెప్పింది. "మన ఒంటి మీద నూగు ఉంటుంది చూడండి. కరెంటు తీగ దగ్గరికి వెళ్తే ఆ వెంట్రుకలు కదులుతాయి. కంటికి కనపడనంత సన్నగా. అందరికీ కదులుతాయి, చిన్నప్పటి నుంచీ. కానీ ఆ కదలిక అర్థమేమిటో మెదడుకు ఎవరూ చెప్పలేదు. మనం చెప్పాం. చర్మంతో, చెవితో, ముక్కుతో కలిపి చెప్పాం. ఇక దానికి మన తొడుగు అక్కర్లేదు."

"అంటే మనం కొత్తగా ఏమీ ఇయ్యలేదంటారు."

"అర్థం మాత్రమే ఇచ్చాం. చూపు ఉండీ ఇన్నాళ్లూ కళ్లు మూసుకున్నట్టు బతికామేమో సార్, మనుషులందరం."

మర్నాడు పొద్దున ఓబులేసు గుట్ట పక్కన తంగేడు పొదల దగ్గర నిలబడి కనిపించాడు. మందాకిని వెళ్లేసరికి అతను ఒక పూలగుత్తికి చెయ్యి దగ్గరగా పెట్టి, తీసి, పక్క గుత్తికి పెడుతున్నాడు.

"మేడం, ఈ గుత్తి మీద ఇప్పుడే తేనెటీగ వాలి పోయింది. దీని మీద ఇంకా వాల్లే."

"చూశావా?"

"లేదు. పువ్వు తెలుపుతాంది. వాలిపోయిన దాన్లో ఏదో తగ్గింటాది. కొంచేపటికి మల్లా నిండుతాది. ఈగలు కూడా అది చూసుకొనే వస్తాండాయి. దగ్గరికొచ్చి, వద్దనుకొని తిరిగి పోతాండాయి చూడండి."

మందాకిని చూసింది. ఒక తేనెటీగ గుత్తి దాకా వచ్చి, వాలకుండా పక్కకు తప్పుకుంది. తేనెటీగలకు పువ్వులోని విద్యుత్తు తెలుస్తుందని ఆమె చదివింది. తెలుస్తుందని చదవడం వేరు. ఆ సంగతిని తేనెటీగ పక్కన నిలబడి ఒక మనిషి చెప్పడం వేరు. పొద్దుటెండలో ఇద్దరూ ఆ పసుప్పచ్చ పొదల ముందు గుళ్లో నిలబడినట్టు నిలబడ్డారు.

*

శిక్షణ ముగిసి ఓబులేసు ఇంటికి వచ్చాడు. ఎర్రబండపల్లెలో రెండు గదుల ఇల్లు. భార్య నాగరత్న ఊళ్లో ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. అప్పటికి ఆమెకు ఆరో నెల దాటింది. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. అందుకని ఈసారి ఆ సంగతి ఇద్దరూ ఎక్కువగా మాట్లాడుకునేవారు కాదు.

ఇల్లు అతనికి కొత్తగా ఉంది. గోడ లోపల తీగ ఎటునుంచి ఎటు పోతుందో వేలితో గీసి చూపించగలడు. ఫ్రిజ్జు వెనక ఒక మూల ఎప్పుడూ గొణుగుతూ ఉంటుంది. నాగరత్న పాలిస్టరు చీర మడతపెడుతుంటే గదిలో చిన్న చిన్న చిటపటలు అతనికి తెలుస్తాయి. ఆమె నవ్వింది. "ఏంది అట్ల చూస్తాండావు? చీర ఎప్పుడూ చూడనట్ల."

ఒక మధ్యాహ్నం ఊరంతటికీ కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దం ఓబులేసుకు ఒంటి మీద చల్లటి నీళ్లు పోసినట్టుంది. తుమ్మెద రొద లేదు. వాము లేదు. నాగరత్న కిటికీ దగ్గర చాప మీద పడుకుని ఉంది. అతను ఆమె పక్కనే కూర్చుని చెయ్యి ఊరికే నేల మీద ఆనించాడు.

అప్పుడు తెలిసింది. చాలా సన్నగా, మంచుబొట్టు ఆకు మీద పడ్డట్టు. తడుతోంది, ఆగుతోంది, మళ్లీ తడుతోంది. తన గుండె అనుకున్నాడు. తన గుండె వేరే లయలో కొట్టుకుంటోంది. అది నాగరత్న గుండె. ఊపిరి బిగబట్టాడు. ఆమె గుండె చప్పుడు కింద, దానికి రెండింతల వేగంతో, ఇంకొకటి.

అతను ఎంతసేపు అలా ఉండిపోయాడో అతనికే తెలియదు. నాగరత్న కళ్లు తెరిచింది. "ఏమైంది? ఏంటికి ఏడుస్తాండావు?"

"ఉండాది," అన్నాడు. "పరిగెత్తుతాంది నాగా. ఉడత మాదిరి."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. కరెంటు వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.

*

కానీ పాఠం అక్కడితో ఆగలేదు. నేర్చుకున్న చర్మం ఇంకా నేర్చుకుంటూనే పోయింది.

ఊరికి దగ్గరి కరెంటు సెక్షన్‌లో పని మొదలైన కొత్తలో ఓబులేసును అందరూ మెచ్చుకున్నారు. ఆపేశామనుకున్న లైనులో పక్క జనరేటరు నుంచి వెనక్కి కరెంటు వస్తోందని కింద నుంచే చెప్పి, స్తంభం ఎక్కబోతున్న ఇద్దరిని ఆపాడు. కంపెనీ పెద్దలు మందాకినికి ఫోన్ చేసి అభినందించారు. రాష్ట్రంలో ఉన్న కేంద్రాలన్నిటిలో ఈ శిక్షణ పెట్టాలని నిర్ణయం కూడా సిద్ధమైంది.

నెల తిరిగేసరికి ఓబులేసు పెద్ద లైను కిందికి వెళ్లలేకపోయాడు. ఒళ్లంతా తేనెపట్టు కప్పినట్టు ఉండేది. తిన్న అన్నంలో వాము, తాగిన నీళ్లలో వాము. తాను పని చేయాల్సిన తీగ ఏదో దూరం నుంచే తెలిసేది, కానీ ఆపిన తీగ పక్కనే పారుతున్న వేరే తీగల హోరు తట్టుకోలేక నిచ్చెన సగంలో చేతులు వదిలేశాడు. నడుముకు కట్టిన తాడు వల్ల బతికాడు. ఆ తర్వాత పనికి పోలేదు. అదే బ్యాచిలో ఇంకో కుర్రవాడు ఉద్యోగం మానేసి గొర్రెలు తోలుకుని గుట్టల్లోకి వెళ్లిపోయాడని ఖాదర్‌వలీకి కబురొచ్చింది. ఆయన ఆ రెండు సంగతులూ మందాకినికి చెప్పాడు. "మీరొకసారి పోయి చూడల్ల మేడం," అన్నాడు.

మే నెల ఎండలో ఆమె కారు నడుపుకుంటూ ఎర్రబండపల్లెకు వెళ్లింది.

ఇంట్లో మెయిన్ ఆపేసి ఉంది. ఫ్రిజ్జు తలుపు తెరిచి లోపల బట్టలు పెట్టుకున్నారు. నాగరత్న కుట్టుమిషనుకున్న మోటారు తీసేసి, నిండు నెలల కడుపుతో, కాలితో తొక్కుతూ కుడుతోంది. ఓబులేసు వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉండాది మేడం," అన్నాడు, తప్పు తనదే అన్నట్టు. "ఇంట్లో ఆపినా అది ఆగదు గదా."

నాగరత్న మిషను ఆపి లేచింది. "మీరు నేర్పింది మీరే తీసెయ్యండి. చెడ్డదని నేననను. కడుపులో బిడ్డ బాగుండాదని ఈయప్పే నాకు రోజూ చెప్తా ఉన్నాడు. మొన్నటి దాకా చెప్పినాడు. ఇప్పుడు ఆ చప్పుడు కూడా వినపడదంట ఈ మోతలో. మనిషి అన్నం తినల్ల. నిద్ర పోవల్ల."

"తీసేయొచ్చేమో," అంది మందాకిని. "మనం నిజాలు చెప్పి నేర్పించాం. ఇప్పుడు తొడుగు అబద్ధాలు చెప్పాలి. కరెంటు లేని చోట చీమలు, ఉన్న చోట ఏమీ లేదు, వాసన ఒకటి, చప్పుడు ఇంకొకటి. అట్లా చాలాకాలం చేస్తే మెదడు దాన్ని నమ్మడం మానేస్తుంది. కానీ ఒకసారి మానేశాక మళ్లీ నేర్పగలనో లేదో నాకు తెలియదు."

ఓబులేసు తల పైకెత్తి ఇంటికప్పు వైపు చూస్తున్నాడు. బయట ఎండ కాస్తూనే ఉంది.

"వస్తాంది," అన్నాడు.

"ఏమిటి?"

"వాన. పైనుంచి మొదలు కాదు మేడం. నేల ముందు లేస్తాది. గడ్డి కొనల నుంచి, రాళ్ల అంచుల నుంచి, మన తలల నుంచి, అన్నిట్లోంచీ సన్నంగా పైకి పోతాంటాది, చేతులు చాపినట్ల. పైనుంచి మేఘం కూడా చాపుతాది. రెండూ యాడో ఒక చోట అందుకుంటాయి. దాన్నే మనం పిడుగంటాం."

అతను చెప్పిన కాసేపటికి గాలి లేచింది. ఎర్రదుమ్ము వీధిలో సుడి తిరిగింది. దూరాన ఉరిమింది, ఆ వెంటనే ఊరికి కరెంటు పోయింది. ఓబులేసు మొహం విప్పారింది. ఒకటి రెండు మెరుపులకు అతను ముందే తల తిప్పి, అవి పడబోయే దిక్కుకు చూడటం మందాకిని గమనించింది. వాన ఊరి అంచును తడిపి గుట్టల వైపు సాగిపోయింది. మేఘం దూరమైంది. లోకమంతా చడీచప్పుడు లేకుండా అయింది.

ఓబులేసు గోడ వదిలి ముందుకు వంగాడు. నాగరత్న ఉన్న వైపు చెయ్యి చాపాడు. మెల్లగా అతని మొహంలో వెలుగు ఆరిపోయింది.

"మీ ఫోను," అన్నాడు మందాకినితో. "అది కూడా మోతే. ఉండండి, ముందు ఇట్లియ్యండి."

సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న ఆపరేటరుకు ఫోన్ చేశాడు. "మద్దిలేటన్నా, ఓబులేసును. మా ఊరి లైను ఇప్పుడే ఇయ్యద్దు. తీగలేం తెగలేదు. నాకు కొంచేపు కావల్ల, అంతే. ఎందుకని అడగద్దు అన్నా." అవతలి మనిషి ఏమన్నాడో గానీ, ఓబులేసు కళ్లు మూసుకుని, "చానా మేలు," అని ఫోను మందాకిని చేతిలో పెట్టాడు. ఆమె ఫోను ఆపేసి, బయటికి తీసుకెళ్లి కారులో పెట్టి వచ్చింది.

వచ్చేసరికి అతను నాగరత్న ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. నాగరత్న గోడ మీద ఒక చోటే చూపు నిలిపి కదలకుండా ఉంది.

"పరిగెత్తుతా పోతాంది," అన్నాడు గొంతు తగ్గించి. "పోతా పోతా... ఆగి ఆగి కొడతాంది. మల్లా అందుకుంది. ఇప్పుడు బాగుండాది." కొంతసేపటికి, "మల్లా. ఇంకా నిదానమైంది. అలిసిపోయినట్ల ఉండాది మేడం."

మందాకినికి అతన్ని పరీక్షించాలని తోచలేదు. "లెండి," అంది. "కారులో పడుకోబెడదాం."

*

అనంతపురం ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాగరత్న కడుపు మీద యంత్రం పెట్టి విన్నది. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. ఏం చూసి తీసుకొచ్చారని అడిగింది. మందాకిని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. డాక్టరమ్మ ఆమెనూ, తలుపు బయట గోడకు నుదురు ఆనించి నిలబడ్డ ఓబులేసునూ మార్చి మార్చి చూసింది.

"మీరు చెప్పింది నాకు అర్థమైందని అనను," అంది. "కానీ అప్పుడప్పుడు మాత్రమే తగ్గేది అయితే, ఒక్కసారి విన్నంత మాత్రాన దొరకదు. బిడ్డ గుండెను కాగితం మీద గీసే పట్టీ కట్టి ఉంచుతాను. గీత ఏం చెబుతుందో చూద్దాం."

ఓబులేసు లోపలికి రాలేకపోయాడు. ఆ గోడల్లో ఎన్ని తీగలు, ఎన్ని యంత్రాలు. లిఫ్టు కదిలినప్పుడల్లా అతను చెవులు మూసుకుంటున్నాడు. ఆ హోరులో నాగరత్న గుండె గానీ బిడ్డ గుండె గానీ అతనికి అందడం లేదు. ఆవరణలో చెట్టు కిందికి వెళ్దాం రమ్మని మందాకిని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. "ఆమెకు నేను కనపడల్ల," అన్నాడు. తలుపుకున్న అద్దంలోంచి నాగరత్న అతన్ని చూస్తోంది.

కాగితం మీద గీత చాలాసేపు కుదురుగా నడిచింది. ఉన్నట్టుండి కిందికి జారింది. డాక్టరమ్మ వంగి చూసింది. గీత లేచింది. మళ్లీ జారినప్పుడు ఈసారి చాలా లోతుకు పోయింది. ఆ తర్వాత అందరూ తొందర తొందరగా నడవడం, బల్ల చక్రాల చప్పుడు, తలుపులు మూసుకోవడం.

ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు మెడకు రెండు చుట్లు చుట్టుకుని ఉందని డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. ఇద్దరూ క్షేమం. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేమంది. ఆమె ఓబులేసు చేతుల వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

పాపను వెచ్చటి యంత్రం కింద పెట్టారు. ఓబులేసు ఆ గది దాకా నాలుగైదుసార్లు వెళ్లాడు. ప్రతిసారీ గడప దగ్గర ఆగిపోయి, నోరు మూసుకుని, బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. చివరికి అద్దం అవతల నుంచే చూశాడు. పాప పిడికిళ్లు బిగించి ఏడుస్తోంది. ఆ ఏడుపు మాత్రం అతనికి మామూలు చెవితోనే వినబడింది.

మర్నాడు అతను మందాకినితో అన్నాడు. "తీసెయ్యండి మేడం."

"తొందరలేదు. దాని వల్లే కదా పాప..."

"అవును. అది ఇచ్చింది చాలు. నేను నా బిడ్డను ఎత్తుకోవల్ల. ఫ్యాను కింద కూర్చొని ఎత్తుకోవల్ల."

*

కంపెనీ సమావేశంలో మందాకిని అంతా చెప్పింది. నేర్చుకున్నది ఆగదని, పెరుగుతూ పోతుందని, దాని వల్ల ఒక ప్రాణం నిలిచిందని, ఒక మనిషి తన ఇంట్లో తాను బతకలేకపోయాడని. ఈ శిక్షణను ఎక్కడా పెట్టొద్దని, ఇప్పటికే తీసుకున్నవాళ్లను తన బాధ్యతకు వదిలేయమని కోరింది. పెద్దలకు నచ్చలేదు. ప్రమాదాలు తగ్గాయి కదా అన్నారు. ఖాదర్‌వలీ లేచి నిలబడి, తన కేంద్రంలో అయితే ఇక ఆ తొడుగు ఎవరికీ వేయనని చెప్పి కూర్చున్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు. నిర్ణయం ఆగిపోయింది.

తర్వాత ఇద్దరూ కలిసి తొడుగును మార్చారు. రోజుకు కాసేపే పనిచేసి, పాఠం ఒంటబట్టకముందే ఆగిపోయేలా, చేతికి హెచ్చరిక మాత్రం అంది, తొడుగు తీసేశాక ఏమీ మిగలకుండా. అది మునుపటి అంత గొప్పగా పనిచేయలేదు. కొంత పనిచేసింది.

ఓబులేసు మరపు పాఠానికి వర్షాకాలమంతా పట్టింది. రోజూ కేంద్రానికి వచ్చి తొడుగు వేసుకుని అబద్ధాలు వినేవాడు. ముందు వాము పోయింది. తర్వాత రొద. చీమలు చాలాకాలం ఉన్నాయి. చిట్టచివర ఒక రోజు తంగేడు పొద దగ్గరికి వెళ్లి చెయ్యి చాపి, చాలాసేపు నిలబడి, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చాడు. ఆ రోజు అతను ఇంటికి వెళ్లి కడుపునిండా అన్నం తిన్నాడని నాగరత్న ఫోన్ చేసి చెప్పింది.

అదే కాలంలో, అదే కేంద్రంలో, అందరూ వెళ్లిపోయాక మందాకిని ఒంటరిగా పాత తొడుగు వేసుకుని వెదురు కంచె పక్కన నిలబడేది. ఖాదర్‌వలీ లోపల మీటలు మార్చేవాడు. వద్దని చాలా చెప్పి చూశాడు.

"ఇంతమందికి ఇచ్చాను," అంది ఆమె. "ఇప్పుడు తీసేస్తున్నాను. అదేమిటో తెలియకుండా ఇవ్వడమే తప్పు. తెలియకుండా తీసేయడం ఇంకా తప్పు. ఒక్కరైనా దాన్ని ఉంచుకోవాలి సార్. పిల్లలున్నవాళ్లు, స్తంభాలు ఎక్కేవాళ్లు కాదు. నాకు ఒంటరితనం అలవాటే."

యాభై దాటిన ఒంటికి పాఠం ఆలస్యంగా వచ్చింది. కానీ వచ్చింది.

*

ఆ మరుసటి వేసవి ముందు ఓబులేసు, నాగరత్న పాపను తీసుకుని మందాకినిని చూడటానికి నల్లమల వైపు వెళ్లారు. కరెంటు స్తంభాలు ఆగిపోయిన చోట బస్సు కూడా ఆగిపోయింది. అక్కడి నుంచి నడక. అడవిశాఖ వాళ్లు ఎప్పుడో వదిలేసిన రాతి ఇంట్లో ఆమె ఉంటోంది. చుట్టూ వేపచెట్లు, ఇప్పచెట్లు. ఆమె జుట్టు బాగా నెరిసింది. మనిషి తేలికపడినట్టు ఉంది. వాళ్లు వస్తున్నారని ఫోను లేకుండానే తెలుసుకున్నట్టు ముందే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బాగుండారా మేడం?" అన్నాడు ఓబులేసు.

"బాగున్నాను. నీ నడుముకున్న టెస్టరు బ్యాటరీ అయిపోవచ్చింది, మార్చుకో."

అతను నవ్వాడు. ఇప్పుడు మళ్లీ స్తంభాలు ఎక్కుతున్నాడు. ఎక్కే ముందు రెండుసార్లు పరీక్ష చేసుకుంటున్నాడు, అందరికంటే ఎక్కువగా. నాగరత్న మోటారు మళ్లీ బిగించుకుని, ఊరికి దూరంగా ఉన్న బడి పిల్లలకు యూనిఫాంలు కూడా కుడుతోంది.

చెట్ల కింద చాప పరిచారు. పాపకు పాకడం వచ్చింది. మందాకిని దగ్గరికి పాకి వచ్చి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. మందాకిని కదలకుండా ఉండిపోయింది.

ఓబులేసు చివరికి అడిగాడు. "ఎట్లుండాది మేడం? నాకిప్పుడు తెల్దు గదా."

మందాకిని కళ్లు మూసుకుంది. "గట్టిగా ఉంది. ఎక్కడా ఆగడం లేదు. నువ్వు అప్పుడు అన్నావని నాగరత్న చెప్పినట్టే, ఉడుతలా పరిగెడుతోంది. కొత్త మనిషిని చూసింది కదా, ఇంకా జోరుగా కొట్టుకుంటోంది."

పాప మొహం ముడుచుకుని ఏడుపు మొదలుపెట్టింది. ఓబులేసు వంగి ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. ఇప్పచెట్టు నీడలో అటూ ఇటూ నడిచాడు. మందాకిని కళ్లు తెరవలేదు. ఆమె మొహం మీద ఏదో కదిలింది.

"ఓబులేసూ, ఆగు. అక్కడే నిలబడు."

అతను భయపడి ఆగిపోయాడు. "ఏమైంది?"

"ఏమీ కాలేదు. నువ్వు ఎత్తుకోగానే దాని గుండె నెమ్మదించింది. దగ్గర దగ్గరగా నీ గుండె వైపు వచ్చింది, ఒక అడుగు ఇది, ఒక అడుగు అది. నువ్వు కూడా నెమ్మదించావు. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కున్నట్టు ఉంది. ఇది నీకు అప్పుడు కూడా తెలిసి ఉండదు. నీ గుండె చప్పుడులో నీకు వినిపించదు."

నాగరత్న చాప మీద నుంచి లేచి నిలబడింది. ఓబులేసు పాప వీపు మీద చెయ్యి ఆనించి, ఏమీ వినపడని తన చేతి వైపు చూసుకున్నాడు. తర్వాత పాపను జాగ్రత్తగా నాగరత్న చేతుల్లో పెట్టాడు. అది మళ్లీ ముఖం చిట్లించింది.

"ఇప్పుడు?" అన్నాడు.

"పరిగెడుతోంది."

అతను చేతులు చాపి పాపను మళ్లీ తీసుకున్నాడు. గుండెకు హత్తుకుని మందాకిని వైపు చూశాడు.

"ఇప్పుడు చెప్పండి మేడం."